అప్పగింతలు

రెడ్డెమ్మా, వంట నీకు నేను నేర్పక్కర్లేదు.
మందుల డబ్బా ఫ్రిజ్ మీద, డాక్టరమ్మ నంబరు గోడ మీద.
చెప్పాల్సిందల్లా ఈ కెమెరా గురించే.

మంగళవారం, శుక్రవారం దానాకి ఐస్ హాకీ.
వాళ్ళమ్మకి ఆసుపత్రి డ్యూటీ,
ఆట చూసేది ఫోటోల్లోనే.
బాగా రాకపోతే తిట్టదు,
ఊరికే వేలితో పక్కకి జరిపేస్తుంది.
తిట్టినా బాగుండు అనిపిస్తుంది.

సాల్మియా వీధిలో నలభై ఎనిమిది డిగ్రీలు,
తలుపు తోస్తే మన రాయచోటి ఎరగని చలి.
స్వెట్టరు నల్లదే వేసుకో. సోకు కోసం కాదు,
రంగుది వేస్తే అద్దంలో నువ్వే పడతావు.
నా మొదటి నెల ఫోటోలన్నిట్లో
గోల్ ముందు నా గులాబీ స్వెట్టరు
దయ్యంలా తేలుతూ ఉంటుంది.

లెన్సు మూతిని అద్దానికి ఆనించు,
దూడ పొదుగుకి ఆనించినట్టు, సందు లేకుండా.
అద్దం నిండా గీతలు, బిళ్ళ తగిలిన నల్ల మచ్చలు.
ఆట మొదలవకముందే చుట్టూ తిరిగి శుభ్రమైన చోటు చూసుకో.
నాది మూడో స్తంభం పక్కన, మోకాలెత్తున.
అవును, మోకాళ్ళ మీదే.
నిలబడి తీస్తే అన్నీ హెల్మెట్లే, పుట్టగొడుగుల్లా.
పిల్లల ఎత్తుకి దిగితే
జాలీ వెనక కళ్ళు దొరుకుతాయి.
కుర్చీల్లోంచి తల్లులు వింతగా చూస్తారు. చూడనీ.

కెమెరాకి మంచు తెలీదమ్మా,
అంత తెలుపుకి బెదిరి బూడిద చేసేస్తుంది.
ప్లస్ గుర్తున్న మీటని ఒకటి దాకా తిప్పు.
ఇంకా తిప్పావో, తెల్ల జెర్సీల పిల్లలు సున్నంలో కలిసిపోతారు.
వేగం ఎనిమిది వందలకి తగ్గనీకు.
తగ్గితే వాళ్ళంతా
తడిచేత్తో తుడిచిన పలక మీది అక్షరాలే.

నల్ల బిళ్ళ వెంట పడకు.
ఆర్నెల్లు పడ్డాను నేను, ఒట్టి మంచు తీశాను.
మలుపు రాకముందే మేకలు తల తిప్పుతాయే,
అట్లా పిల్లల భుజాలు ముందే చెబుతాయి.
భుజాలు చూడు.

మన దానా గోల్ కీపరు.
అంతంత ప్యాడ్లు కట్టుకుని
గడపలో కూర్చున్న ముసలమ్మలా ఉంటుంది,
ఎవర్నీ లోపలికి రానివ్వని ముసలమ్మ.

ఫిబ్రవరిలో దోహా పిల్లలతో ఆట.
ఏడు గోల్స్ పడ్డాయి.
ఏడోది పడ్డాక ఆ పిల్ల ఏడవలేదు, కర్ర విసరలేదు.
వలలోంచి బిళ్ళని మెల్లగా బయటికి తోసింది
వాకిలి ఊడ్చినట్టు.
నా వేలు నొక్కేసింది.
అంత మంచి ఫోటో నా చేత మళ్ళీ కాలేదు.

కారులో వెనక్కి తిప్పి చూసింది.
అరబ్బీలో అంటే ఆజ్ఞ అనుకునేదాన్ని.
నేను నేర్పిన నాలుగు ముక్కల్లోంచి ఏరుకుని
"వద్దు అక్కా" అంది.
చెరిపేశాను.
రాత్రి వాళ్ళమ్మతో ఆరు గోల్స్ అని చెప్పింది.
నన్ను అడిగితే నేనూ ఆరే అన్నాను.
నిన్ను అడిగినా ఆరే.

ఆట అయ్యాక కెమెరాని అట్లాగే వీధిలోకి తేకు.
చల్లటి అద్దానికి సముద్రపు గాలి తగిలిందా,
గంజి పోసినట్టు తెల్లబడిపోతుంది.
లోపలే కవర్లో చుట్టి, సంచీ జిప్పు వేసి,
ఇంటికెళ్ళాక అరగంట ముట్టుకోకు.
ఓడిన రోజు దానాని కూడా అంతే.

ఛార్జరు మిక్సీ వెనక ఉంది.
రెండో బ్యాటరీ ఒంటికి తగిలేలా పెట్టుకో, చలికి చచ్చిపోతుంది.
ఇంకోటి,
ఆ పిల్ల ఎడమ బూటు లేసు ఎప్పుడూ వదులు.
ముందు అది బిగించు.
ఫోటోలు తర్వాత.